అరవై జీబీల బీడు

ఆ లాప్‌టాప్‌ను తిట్టినన్ని తిట్లు నేను మా అత్తగారింట్ల ఎవ్వరిని తిట్టలే. మొన్నటి వానకాలం అది నన్ను పెట్టిన తిప్పలు యాదికొస్తే ఇప్పటికి సుత పండ్లు కొరుక్కుంట.

మాది బిలోలి. తహసీల్ కచేరి ఎదురుంగ గల్లీల ముందర ఒక అర్ర, ఎనుక ఒక అర్ర. ముందర అర్రల నా దుకాణం. దుకాణం అంటే పెద్దగ ఏం లేదు, ఒక బల్ల, లాప్‌టాప్, ప్రింటర్, రెండు ప్లాస్టిక్ కుర్సీలు. ఊర్లకెళ్లి రైతులు అస్తరు. వాళ్లకు భూమి ఉతారాలు, అంటే పట్టా నకళ్లు తీసిస్త, కులం, ఆదాయం దాఖలాల ఫారాలు నింపుత, వానలు మొదలైతే పంట విమా ఫారాలు నింపుత. రాసుడు మరాఠీల, మాట్లాడుడు తెలుగుల, నెట్టు నడువకపోతే తిట్టుడు హిందీల.

లాప్‌టాప్ మా తమ్ముడిచ్చింది. పూణెల నౌకరి చేస్తడు. కొత్తది కొనుక్కొని పాతది నాకిచ్చిండు. ఇచ్చెటోడు ఉత్తగ ఇయ్యొద్దా? అండ్ల రెండు సిస్టంలు ఎక్కిచ్చి మరీ ఇచ్చిండు. ఒకటి అందరు వాడేది, ఇంకోటి పైసలు లేకుండ దొరికేది. స్విచ్చి ఏసినప్పుడల్ల ఒక నల్ల తెర అచ్చి, దేంట్లకు పోతవ్ అని అడుగుతది. ముందర పది మంది రైతులు నిలబడి ఉంటరు, ఇది నన్ను తీరుబడిగ అడుగుతది. నాకు ఒళ్లు మండేది. ఆ రెండో సిస్టం నాకు దేనికి పనికిరాదు. దాని దిక్కు నేను ఎన్నడు పోలే.

పోయేటోడు మా ఆయన. ఆయన మోజణి పనికి పోతడు. సర్కారు సర్వేయరు భూములు కొలువ అస్తే ఎంట పోయి, చూపెట్టిన కాడ గుంత తవ్వి హద్దురాయి పాతుతడు. కొలుసుడు ఇప్పుడు మిషిన్‌తోని అయితది గని రాయి మాత్రం మనిషే పాతాలె. వాళ్లింట్ల ఎన్నడు ఎవలికి గుంటెడు భూమి లేదు. మా మామ ఆయుష్షంత మంజీర ఒడ్డుకు ఉన్న వాళ్ల ఊర్ల, మంది చేన్లల్ల కూలి చేసిండు. గని ఆ ఊరి చేన్ల పేర్లన్ని ఆయనకు నోటికి ఉండేవి. నక్కల చెలక, ఊటకుంట మడి, ముత్తవ్వ చేను, గుడ్డిబాయి చేను. కాయిదాలల్ల ఇప్పుడు నంబర్లే ఉన్నయి. పట్టాదార్లు సుత నంబరే చెప్తరు. ఆ పేర్లు తెలిసిన ముసలోళ్లు ఒక్కొక్కలే పోయిండ్రు, ఆఖరుకు మా మామ ఒక్కడే మిగిలిండు, ఆయన సుత చాతగాక మా కాడికి అచ్చిండు.

అవన్ని రాసిపెట్టాలె అని మా ఆయనకు పట్టుకున్నది. రాయాలంటే ఆయనకు తెలుగు రాదు. ఇంట్ల మాట తెలుగే గని బడి ఏడో తరగతి దాక మరాఠీల. నేను బోధన్ దిక్కు పిల్లను, తెలుగు బడిల చదివిన. నన్ను అడుగొచ్చు. అడుగలే. మా తమ్ముడు పండుగకు అచ్చినప్పుడు వాన్ని పట్టుకొని, ఆ రెండో సిస్టంల తెలుగు అక్షరాలు పెట్టిచ్చుకోని, వానితోనే అ ఆలు నేర్చుకున్నడు. ఇగ పొద్దుగాల నా గిరాకి మొదలుగాక ముందు, మామ మంచం మీద కూసోని చెప్పుడు, ఈయన ఒక్క ఏలుతోని ఎతుక్కుంట కొట్టుడు. ఒక్క చేను పేరు కొట్టెటాలకు నా చాయ మసిలి ఇంకిపోయేది. నేను నవ్వేదాన్ని. మామ ఒక్కొక్క చేను గురించి రెండు మాటలు చెప్పేది, ఎవలు దున్నిండ్రు, ఆ పేరు ఎట్ల అచ్చింది అని. ఆ ఎండకాలం మామ పోయిండు. ఇగ ఆ పేర్లు మల్ల అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నదల్ల ఆ లాప్‌టాప్‌ల రాసిందే.

ఇదంత నాకు ఎరుకే. గది ముందుగాల చెప్తున్న, ఎందుకంటే ఇగ చెప్పబోయేది ఇన్నంక, ఇది తెలిసి సుత గంత పని ఎట్ల చేసినవ్ అని మీరు అడుగుతరు.

వానలు మొదలైనయి. విమా ఫారాలకు ఆఖరి రోజులు. నా సి డ్రైవ్ ఎర్రగయింది. జాగా లేదు, జాగా లేదు అని గంటకోసారి మొత్తుకునుడు. ఒక్క ఫారం ఎక్కాలంటే పావుగంట. మా ఆయన అప్పుడు ఇస్లాపూర్ దిక్కు మోజణికి పోయిండు, ఇంకో నాలుగైదు రోజులు రాడు. బయట రైతులు గొడుగులు పట్టుకొని నిలబడ్డరు. ఒక ముసలాయన, నీ మిషిన్‌కు దమ్ము లేనట్టున్నది బిడ్డా, వేరే కాడికి పోత అని లేచిండు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎనుకకు తిరిగి డిస్క్ తెరిచి చూస్తే, అరవై జీబీలు ఆ రెండో సిస్టమే పట్టుకొని కూసున్నది. నేను ఇక్కడ ఒక్క జీబీకి ఏడుస్తుంటే అది కాళ్లు చాపుకొని పండుకున్నది. తమ్మునికి ఫోన్ చేసిన, ఎత్తలే. ఫోన్ల ఒక వీడియో పెట్టుకున్న. అండ్ల పిలగాడు హిందీల, ఇంత సులువు అన్నడు. ఇక్కడ నొక్కుర్రి, డిలీట్ అనుర్రి, అయిపాయె. నేను ఏమనుకున్న అంటే, సిస్టం తీసేస్తే సిస్టమే పోతది, రాసుకున్నది యాడికి పోతది అని. ఫోన్ల ఏదన్న యాప్ తీసేస్తే ఫోటోలు పోతయా? గట్లనే అనుకున్న. డిలీట్ అన్న.

మల్ల స్విచ్చి ఏస్తే ఏం రాలే. నల్ల తెర, తెల్లటి నాలుగు ఇంగ్లీషు ముక్కలు, గంతే. రెండో సిస్టం పోతె పోయింది, మొదటి దాన్ని సుత ఎంట తోలుకపోయింది. రైతులకు దండం పెట్టి పంపిచ్చిన. తెల్లారి లాప్‌టాప్‌ను చీర కొంగుల చుట్టి, ఒళ్లె పెట్టుకొని, వానల నాందేడు బస్సెక్కిన. రిపేరు దుకాణంల పోరడు ఒక గంట కొట్టి మొదటి సిస్టం నిలబెట్టిండు. నిలబెట్టినంక ఊకుండొద్దా? వీడియోలు చూసి ఆపరేషన్లు చేసుకుంటరా బాయీ అని మరాఠీల నాకు నీతులు చెప్పిండు. పైసలు ఇచ్చి తిట్లు తిన్నట్టయింది.

ఇంటికచ్చి చూస్తే సి డ్రైవ్ ఎర్రగనే ఉన్నది.

మరి నా అరవై జీబీలు ఏవి? డిస్క్ బొమ్మల ఒక పక్కకు నల్ల పట్టి కనబడుతున్నది, ఎవలది కాదు అని రాసున్నది. నేను తీసేసినదే, అరవైకి అరవై ఆన్నే ఉన్నది. నాది నాకు కండ్ల ముందర ఉన్నది గని చేతికి రాదు. సి ని పెంచు అనే మాట మీద నొక్కితే అది మసకబారి ఉన్నది, నొక్కబడదు. నొక్కిన. మల్ల నొక్కిన. దానికి తోడు సి కి, నల్ల పట్టికి నడుమ సన్నగ ఇంకో ముక్క ఉన్నది. సిస్టం ఖరాబైతే బాగు చేసుకునేందుకు దాచిన జాగానట. అది నడుమ ఉన్నంత సేపు సి ఆ దిక్కుకు జరుగదట. గా గోరంత ముక్క కోసం గంత జాగా ఎండుడు ఏంది, నాకు అర్థం కాలే. రెండు రోజులు దాంతోనే కొట్లాడిన. అన్నం మాడింది. పక్కింటామె ఏమయిందే అని అడిగితే ఆమె మీద సుత ఇరుసుకపడ్డ.

మూడో నాడు పగటీలి తమ్ముడు ఫోన్ చేసిండు. ముందుగాల వాన్ని కడుపునిండ తిట్టిన. వాడు ఇని, సి కి కలుపుడు కష్టం గని నల్ల పట్టినే కొత్త డ్రైవ్ చేసుకో, ఫార్మాట్ కొడితే ఐదు నిమిషాల పని అన్నడు. ఆఖరుకు ఒక్క మాట అడిగిండు.

"అక్కా, అది ఖాలీనే గదా?"

"ఖాలీనే," అన్న.

వాడు చెప్పినట్టు ఒక్కొక్కటి నొక్కుకుంట పోయిన. ఇంకొక్కటి నొక్కితే అయిపోతది అనంగ మా ఆయన తలుపుల నిలబడ్డడు, మోకాళ్ల దాక బురద, భుజాన గడ్డపార. కాళ్లు కడుక్కోలే, నీళ్లు తాగలే, జర జరుగు అన్నడు. ఇస్లాపూర్ కాడ ఒక ముసలామె కలిసిందట, చిన్నప్పుడు మా మామతోని కలుపుకు పోయిందట. మామ మరిచిపోయిన ఒక చేను పేరు ఆమె చెప్పిందట. మరువకముందే రాసుకోవాలె అని బస్సు దిగి ఉరుక్కుంట అచ్చిండు.

నా చేతులు ఆన్నే ఆగినయి. గప్పుడు ఎలిగింది నాకు. గప్పటి దాక, మూడు రోజులు, ఒక్కసారి సుత ఆ పేర్ల ముచ్చట నా మతికి రాలే.

చెప్పిన. ఎట్ల చెప్పిన్నో నాకే ఎరుకలేదు. ముందుగాల రైతుల మీద చెప్పిన, తర్వాత తమ్ముని మీద, ఆ వీడియో పిలగాని మీద, నాందేడు పోరని మీద. ఆఖరుకు, నేనే తీసేసిన అన్న. ఆయన తిడితే బాగుండు అనిపిచ్చింది. తిట్టలే. గడ్డపార గోడకు ఆనిచ్చి, కుర్సీల కూసోని, తెర దిక్కు చూసిండు. మామ సచ్చిపోయిన నాడు సుత ఆయన మొఖం గట్ల లేకుండె. నా మీద నాకే అసహ్యం అయింది.

ఆ నల్ల పట్టి మీద ఏలు పెట్టి, ఇదేనా జాగా అని అడిగిండు. అవునన్న.

"ఇండ్ల మల్ల ఏమన్న ఏసినవా?"

"లే. ఇంక నొక్కలే."

"అయితే నువ్వు రాళ్లే పీకినవ్. రాళ్లు పీకితే చేను యాడికి పోతది?"

నాకు మండింది. ఇది చేను గాదు, కంప్యూటర్ అన్న. ఆయన ఇనలే. హద్దురాళ్లు పోయిన చేన్లు ఎన్ని చూసిన, పాత నక్షా పట్టుకొని కొలిస్తే హద్దు దొరుకుతది, అంతకుముందు ఎవలన్న దున్నితేనే తక్లీఫు అన్నడు. మీ తమ్ముని అడుగు అన్నడు. ఆయన మాటకు ఎదురు చెప్పే మొఖం నాకు లేకుండె, ఫోన్ చేసిన.  తమ్ముడు ఇని, బావ చెప్పిందే ఖరే అక్కా అన్నడు. డిలీట్ అంటే ఆ జాగా యాడ మొదలైతది, యాడ ఆగుతది అన్న గుర్తు మాత్రమే పోతదట. లోపలిది లోపలనే ఉంటదట, మీదికెళ్లి కొత్తది రాసేదాక. నేను నొక్కబోయిన ఆ ఒక్కటి నొక్కితే మాత్రం మల్ల ఏం చెప్పలేమట. ఆ ముక్క చెప్పి, నాదే తప్పు అక్కా అన్నడు. నొక్కమన్నది వాడే గద.

నేను రెండు రోజులు తిట్టిన ఆ గోరంత ముక్క నడుమ లేకపోతే, మొదటి నాడే ఆ జాగా సి కి కలిసిపోయేది. నేను అండ్ల విమా ఫారాలు నింపుకుంట కూసుండేదాన్ని.

తమ్ముడు ఫోన్ల చెప్పుకుంట ఒక ప్రోగ్రాం పెట్టిచ్చిండు. అది డిస్క్‌ను ఈ కొన నుంచి ఆ కొన దాక చదివి పాత హద్దులు ఎతుకుతది. ఎతుకుడు అంటే ఎతుకుడే, తెల్లారి పొద్దుగాల పెడితే పగటీలి దాక ఎతికింది. రైతులు అచ్చిండ్రు, పోయిండ్రు. ఒకాయన, ఇయ్యాల ఆఖరి రోజు గదమ్మా అన్నడు. కచేరి పక్కన ఇంకో దుకాణం చూపెట్టిన, నా నోటితోని నేనే. మా ఆయన పనికి పోలే. కుర్సీల కూసోని ఒకటే తీరు ఆ నడిచే గీతను చూసుకుంట ఉన్నడు. అన్నం తినుమంటే తినలే. నేను సుత తినలే.

రెండు గంటలప్పుడు ఒక్క వరుస పడ్డది. మొదలు ఇక్కడ, ఆఖరు ఇక్కడ, అరవై జీబీలు. తమ్ముడు, అదే అక్కా, దాన్ని నిలబెట్టు అన్నడు. నిలబెట్టిన. నల్ల పట్టి పోయి దాని రంగు దానికి అచ్చింది. అయినా దాంట్లకు పోనీకి దారి లేకుండె, నాందేడు పోరడు ఒక్క సిస్టమే నిలబెట్టిండు గద. పెన్ డ్రైవ్‌తోని తెరిచేటాలకు ఇంకో గంట. గప్పుడు దొరికింది ఫైలు. మా ఆయన ఏలు పెట్టుకొని మీదికెళ్లి కిందికి ఒక్కొక్క పేరు చదివిండు, నోట్లనే. నలభై ఒక్క పేర్లు. అన్ని చదివినంక వాటి కింద ఇస్లాపూర్ ముసలామె చెప్పిన పేరు కొట్టిండు, ఒక్క ఏలుతోని. ఈసారి నేను నవ్వలే. ఎనుకకు తిరిగి కండ్లు తుడుచుకున్న. తర్వాత మూడు కాపీలు ప్రింట్ తీసి, ఒకటి ఇనుప పెట్టెల, ఒకటి దుకాణంల, ఒకటి మా అమ్మగారింట్ల పెట్టిన.

అరవై జీబీలు మల్ల ఆయనకే పోయినయి. నాకు ఒక్కటి సుత రాలే. ఫైలు వేరే కాడ దాచి జాగా తీసేసుకో అని తమ్ముడన్నడు గని, మల్ల ఆ డిలీట్ నొక్కుడు నాతోని కాలే. ఇప్పటికి సుత పొద్దుగాల లేస్తే ఏదో ఒకటి తీసేసి సి ల జాగా చేసుకుంట. మా చెల్లె పెండ్లి వీడియో సగం పోయింది గట్లనే.

మొన్న మా మామోళ్ల ఊరి ఆసామి ఒకాయన ఉతారా కోసం అచ్చిండు. మా మామ వాళ్లింట్ల ఇరవై ఏండ్లు కూలి చేసిండు. నేను ఆయన భూమి నంబరు చదివి, ఇదేనా పటేలా అని అడిగిన. అవునన్నడు. గడప కాడ కూసోని గడ్డపారకు మన్ను గోకుతున్న మా ఆయన తల ఎత్తకుండనే, గుడ్డిబాయి చేను అన్నడు. ఆసామి ఇటు తిరిగి చూసిండు. వాళ్ల తాత ఆ మాట అనేదట, ఆయన మరిచేపోయిండట, బాయి యాడ ఉండెనో సుత ఎరుకలేదట. ఉత్తరం మూలకు ఉండె, పూడ్చేసిండ్రు, అని మా ఆయన చెప్పిండు.  ఆసామి, నా చేన్ల పేర్లన్ని నాకు రాసియ్యి అన్నడు. నేను పెట్టెలకెళ్లి కాయిదాలు తీసి ఇచ్చిన. ఆయన తిరగేసి చూసి, ఎవలదిది అని అడిగిండు.

"మా నాయినది," అన్నడు మా ఆయన.

భూమి ముచ్చట్ల ఆ మాట ఆయన నోట్లకెళ్లి నేను ఇనుడు గదే మొదలు.