సొట్టలు పూడ్చిన బంతి

ఎనభైల్లో ఓసారి గోల్‌మురిలో నది అవతలి మాంగోకి వెళ్లే బస్సెక్కాను. పక్కన కూర్చున్న పెద్దాయన పాత గోల్ఫ్ బంతి సొట్టల్లోంచి పిన్నీసుతో పెయింటు గీకుతున్నాడు. ఎందుకని అడిగాను.

"మా రేకుల ఫ్యాక్టరీలో రేకు సొట్టపడితే రిజెక్టు బాబూ. అదే అలవాటున ఈటికి లప్పం పెట్టి, నున్నగా పెయింటేసి మా పిల్లోడికిచ్చినాను. ఆడు కొడితే పైకి లెగనేదు. సేతిలో సత్తువ నేదురా అని అందరి ముందూ తిట్టినాను. ఆడు మరి కర్ర ముట్నేదు. నిన్న గోల్ఫాడే ఓ సాబ్ సెప్పినాడు. బంతి ఎనక్కి తిరుగుతా ఎల్తాదట, ఈ సొట్టలు గాలిని పట్టుకుంటేనే బాగా పైకి లెగుత్తాదట."

"అబ్బాయికి చెప్పారా?"

"టైఫాయిడొచ్చి ఆడు పోయి మూడేళ్లయింది బాబూ."

బస్సు వంతెన దాటింది. పిన్నీసు మాత్రం ఆగలేదు.