తాతయ్య రాయి దగ్గర మోగిన అలారం

మాది హోప్ టౌన్, దీవిలో ఊరు. చేపల బోటు మీదే మా బతుకు. మా అబ్బాయి బోటుకి జీపీఎస్ పెట్టిస్తే, "మీ నాన్న కొండనీ చెట్టునీ చూసి దారి పట్టేవాడు. ఈ పెట్టెకి బ్యాటరీ దండగ" అని తిట్టాను.

మనవరాలు స్వాతి మాత్రం వదల్లేదు. "మామ్మా, తాతయ్య బోటు పగిలిన రాయి ఎక్కడో చూపించు, బస్, అంతే" అంది. ఆ రోజు నేనూ ఆ బోటులోనే ఉన్నాను, ఎలా మరిచిపోతాను? ఎండపూట తీసుకెళ్లి, లైట్‌హౌస్ కొబ్బరిచెట్టు వెనక దాగే చోట ఆపించాను. నీటి అడుగున రాయి నల్లగా కనబడింది. దాని దగ్గరికొస్తే మోగేలా స్వాతి జీపీఎస్‌లో అలారం పెట్టింది.

తర్వాత వానాకాలంలో, చాతం రేవులో చేపలమ్మి ముగ్గురం తిరిగొస్తుంటే వాన కమ్మేసింది. కొండా లేదు, చెట్టూ లేదు. ఉన్నట్టుండి పెట్టె కీచుమని మోగింది.

"తడిసి కూస్తోందిలే" అని మావాడు ఇంజను ఆపలేదు.

"నాన్నా, రోకో! అది తాతయ్య రాయి!" అని స్వాతి అరిచింది.

"ఆపరా వెధవా!" అన్నాను.

వాడు ఆపాడు. అల వెనక్కి లాగేసరికి, బోటు ముందు చేతికందేంత దూరంలో రాయి పైకి తేలింది.

ఇప్పుడు పక్క బోట్లవాళ్లూ తమ పెట్టెల్లో అలారం పెట్టమని స్వాతిని పిలుస్తున్నారు. రాళ్లు చూపించడానికి మా వీధి ముసలివాళ్లం వెంట వెళ్తున్నాం. మూడో తరగతితో ఆగిన నాకు ఆ పెట్టెలో రాతలు తెలియవు. మేం బోట్లు పగలగొట్టుకుని తెలుసుకున్న రాళ్లు, మా పిల్లలకి మోత వినగానే తెలుస్తున్నాయి. నాకది చాలు.