కోత పండుగలో చెంబెడు బావి నీళ్లు

ఎండిన నేలలో ఊటలు పుట్టించే దేవునికి స్తోత్రం. దొరకూ కూలికీ ఒకే వాన కురిపించే తండ్రికి స్తోత్రం. మనుషులను కుర్చీలెక్కించేవాడూ దించేవాడూ ఆయనే గనుక, ఒక కుర్చీ గురించి రాయబోయే ముందు ఆయన నామాన్ని ఘనపరుస్తున్నాను. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తుంది. ఇన్నేళ్లయినా తగ్గలేదు. అది పాపమైతే ఆయనే క్షమించాలి. నేనైతే పాపమనుకోవడం లేదు.

మా ఊరు పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ నడుమ, బొంబాయి రోడ్డుకు దిగువన ఉండేది. ఊరి చివర మా వాడ, వాడ చివర మా చిన్న చర్చి, చర్చి వెనక బావి. ఊరి బావిలో మమ్మల్ని చేద వేయనివ్వరు కాబట్టి మా తాతలు సొంత చేతులతో తవ్వుకున్న బావి అది. నాయిన ఆ చర్చిలో ఉపదేశి. పాస్టర్ అయ్యగారు సంగారెడ్డి నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది, ప్రార్థన నడిపేది నాయినే. డెబ్బైలలో నేను ట్రైనింగ్ పూర్తి చేసి ఊరి బడిలో టీచరుగా చేరాను.

ఆ రోజుల్లోనే రోడ్డు పక్కన, మా వాడకు ఎగువన, ఒక రంగుల ఫ్యాక్టరీ లేచింది. ప్రారంభం నాడు మా సర్పంచ్ పూలదండ మెడలోనే ఉంచుకొని ఊరంతా తిరిగాడు. "నేను సంతకం పెడితెనే గీ మిషిన్ తిరుగుతున్నది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. అది అబద్ధం కాదు. ఊళ్లో ఫ్యాక్టరీ కట్టాలన్నా, మిషిన్ పెట్టాలన్నా పంచాయతీ అనుమతి కావాలి.

మొదటి వానలకే ఫ్యాక్టరీ కాలువ పొంగి మా బావిలోకి దిగింది. నీళ్ల మీద నురగ తేలింది. ఆ నీళ్లతో పప్పు ఉడికేది కాదు, అన్నం పచ్చగా మారేది. అప్పటి నుంచి అమ్మ ఊరి బావికి నడిచింది. నడిచి ఏం లాభం? గిరక ముట్టకూడదు. దూరంగా బిందె పెట్టుకొని, ఎవరైనా దయతలచి ఎత్తి పోసేదాకా ఎండలో నిలబడాలి. అంటరానితనం నేరమని చట్టం ఎప్పుడో వచ్చింది. అది ఢిల్లీ నుంచి మా బావి గట్టు దాకా రాలేదు. నిలబడి నిలబడి ఉత్త బిందెతో అమ్మ తిరిగొచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. బిందెను గోడవారగా బోర్లించేది, అంతే.

ఆ ఏడు కోత పండుగకు సంఘం పెద్దలు సర్పంచ్‌ను అతిథిగా పిలిచారు. కోత పండుగ అంటే మాలో ప్రతి ఇల్లూ ఆ ఏడాది పండినదాంట్లో తొలి భాగం తెచ్చి చర్చిలో ప్రార్థన బల్ల దగ్గర పెడుతుంది. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. మొదటి పాట అతిథిది. సర్పంచ్ గుమ్మడికాయ పాడి, మీసం దువ్వి, "మీ వాడకు బోరింగ్ ఏయిస్త. నా మాటంటే మాటే" అన్నాడు.

నాయిన అక్కడే చేతులెత్తి, బోరింగ్ దొరికిందని దేవునికి స్తోత్రం చెల్లించాడు. సంఘమంతా ఆమేన్ అంది. మా అలవాటే అంత. అడిగింది చేతికందకముందే స్తోత్రం చెప్పేస్తాం, విశ్వాసమంటే అదే. చెప్పాక మళ్లీ అడిగితే అనుమానించినట్టే. అందుకని సర్పంచ్ దగ్గరికి పెద్దలెవరూ తిరిగి పోలేదు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. చివరికి నేనే పోయాను. అతను వరండాలో తన మనుషులతో కూర్చొని ఉన్నాడు.

"ఏం టీచరమ్మా, గిట్లొచ్చినవ్?"

"బోరింగ్ సంగతి, పటేలా."

"అదెప్పుడో అయిపాయె గదా! మీ నాయిన చేతులెత్తి స్తోత్రం జెప్పిండు. మీ దేవునికి ముట్టినంక మల్ల నన్నడుగుడేంది?"

వరండా అంతా నవ్వింది. నేను కదల్లేదు. "ఫ్యాక్టరీ నీళ్లతోని మా బావి ఖరాబయింది" అన్నాను.

"నా చేతుల ఏమున్నదమ్మా? సమితి ఉన్నది, ఇంజనీరున్నడు, పైనుంచి రావాలె. నేనేమన్న ముఖ్యమంత్రినా?"

మిషిన్ తిప్పిన చెయ్యే అది. ఇప్పుడు అందులో ఏమీ లేదట!

ఇంటికొచ్చి చెబితే నాయిన తల అడ్డంగా ఊపాడు. "అడగొద్దు బిడ్డా. అడిగితే నమ్మకం లేనట్టే."

పొయ్యి ముందు నుంచి అమ్మ అంది: "నమ్మకం నీది. బిందె నాది."

ఆ వారమే బడిలో ఐదో తరగతికి పంచాయతీ పాఠం వచ్చింది. తాగునీరు, వీధి దీపాలు, మురుగు కాలువలు చూడటం పంచాయతీ విధి అని, అది చేయించే బాధ్యత సర్పంచ్‌దని బోర్డు మీద రాశాను. రాస్తుంటే నా సుద్దముక్క విరిగింది. పిల్లలు బట్టీపట్టే మాటలివి. మేం పెద్దవాళ్లం వీటినే చేతులు జోడించి వరంలా అడుక్కుంటున్నాం. ప్రతి ఆదివారం అధికారుల కోసం ప్రార్థిస్తాం, సర్పంచ్ కోసం కూడా. అతను ఆ కుర్చీలో కూర్చున్నది మా పని చేయడానికేనన్న సంగతి మాత్రం ఎవరం తలచుకోలేదు. ఆ సాయంత్రం అమ్మను, నాయినను కూర్చోబెట్టి ఆ పాఠమంతా చదివి వినిపించాను. నాయిన పుస్తకం తన దగ్గరికి లాక్కొని ఆ పేజీ మరోసారి చదివాడు.

మళ్లీ కోత పండుగ వచ్చింది. మళ్లీ సర్పంచే అతిథి. ఈసారి పాస్టర్ అయ్యగారు కూడా వచ్చారు. వరుసలో అందరూ కంకులు, కాయలు పెడుతుంటే అమ్మ ఇత్తడి చెంబు మీద గుడ్డ కప్పి తెచ్చింది. నాయిన గుడ్డ తీశాడు. బావి వాసన చర్చి అంతా కమ్మింది. ఆయన అమ్మ ముఖం వైపు చూశాడు. తర్వాత చెంబును గుమ్మడికాయల పక్కన, సరిగ్గా బల్ల నడుమ పెట్టాడు.

వేలం మొదలైంది. నాయిన ముందుగా చెంబే ఎత్తాడు. "సర్పంచ్ పటేలా, మొదటి పాట మీదే."

"గిదేంది?"

"మా బావి నీళ్లు."

"నీళ్లకు పాటేందయ్యా? మజాక్ జేస్తున్నవా?"

"దేవుని ముంగట మజాక్ చెయ్యం. గీ ఏడు మాకు పండింది గిదే. మిషిన్ మీ సంతకంతోనే తిరుగుతున్నదని మీరే అన్నరు. గా మిషిన్ పంట ఇది. ముందుగాల మీకే చెల్లుతది."

వెనక నుంచి ఒక ముసలామె కేకేసింది: "ఒక్క గుక్క తాగి పాడు పటేలా! రుచి సూడకుంట ఎవలు కొంటరు?"

సర్పంచ్ లేచాడు. "పిలిచి పరువు తీస్తరా?" అని కండువా దులుపుకొని వెళ్లిపోయాడు. అయ్యగారు గబగబా బల్ల దగ్గరికి వచ్చారు. "అతిథిని అవమానించినవ్" అన్నారు నాయినతో.

"అయ్యగారూ, పోయినేడు నేను జెప్పిన స్తోత్రం దేవునికి. సర్పంచుకు గాదు. ఆయన బాకీ ఇంకా ఆయన మీదనే ఉన్నది" అన్నాడు నాయిన.

ఆ మాట ఊరూరా పాకింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి, మా వాడ ఓట్లు ఎక్కువ. బోరింగ్ వచ్చింది. చర్చికి ఎదురుగానే వేశారు. దాని పక్కన ఒక రాయి పాతారు. దాని మీద చెక్కిన మాటలు: సర్పంచ్ గారి దయతో.

దయ! మా నీళ్లు చెడగొట్టి, ఆ నీళ్లకు బదులు మా నీళ్లే మాకిచ్చి, దానికి దయ అని పేరు. ఆ రాయిని పగలగొడతానని నేను గొడ్డలి కోసం వెతికాను. అమ్మ నన్ను పట్టించుకోలేదు. బోరింగ్ కొట్టింది, దోసిట పట్టి తాగింది, ఎవరి కోసమూ ఆగకుండా బిందె నింపుకుంది. "తియ్యగున్నయ్ బిడ్డా" అంది. బిందె చంకన పెట్టుకొని, ఆ రాయి మీద కాలు ఆనించి ఒక నిమిషం అలుపు తీర్చుకొని, ఇంటికి నడిచింది.

తాతలు తవ్విన బావి మాత్రం మళ్లీ బాగుపడలేదు. దాని మీద బండ కప్పారు.

చదివేవారలారా, ఇప్పుడు నాతో కలిసి తల వంచండి. కుర్చీ మీదున్నవాళ్ల కోసం ప్రార్థిద్దాం, మానవద్దు. కానీ ప్రభువా, వాళ్లకు అధికారం ఎంత గుర్తుందో చేయవలసింది కూడా అంతే గుర్తు చేయి. నీ దయను తమ దయగా రాతి మీద చెక్కించుకునే చేతులను ఆపు. ఈ రోజు కూడా ఎక్కడో ఉత్త బిందెతో ఎండలో నిలబడ్డ తల్లి దగ్గరికి, మాకంటే ముందు, నువ్వు వెళ్లు. ఆమేన్.