మూడో డ్రమ్ము ఎందుకు వెనకబడింది

సూర్యకిరణ్ సారు డ్రమ్ముల గదికి తాళం వేసి ఒకసారి లాగి చూసేవారు. గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగేవారు. కువైట్‌లో, అబ్బాసియాలో ఉన్న మా స్కూలు పిల్లలందరికీ అదొక తమాషా. ఆయన భార్య సూరాయమ్మ జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది, ఆ ఇంటి యజమానురాల్ని 'మామా' అనేది. శుక్రవారం పూట ఆయన్ని చూడ్డానికి వచ్చినప్పుడు ఒకసారి మా అందరి ముందే అంది: "మా మామా ఫ్రిజ్జుకి కూడా ఇంత కట్టుదిట్టంగా తాళం ఎయ్యదయ్యా."

ఆయనది రాజోలు దగ్గర ఒక పల్లె. తండ్రి అయ్యప్పకి పెళ్ళిళ్ళ బ్యాండు మేళం ఉండేది. ఊరేగింపుల్లో రెండు మేళాలు ఒకే సెంటర్లో ఎదురుపడితే పోటీ మొదలయ్యేదట. అంతకుముందే అవతలివాళ్ళు ఇవతలి డోలు వాయించేవాణ్ణి తమవైపు తిప్పుకోవడం మామూలేనట. సారు సొంత బాబాయే ఒక పెళ్ళిలో సరిగ్గా సెంటర్లో తాళం తప్పించి, ఆ తర్వాత అవతలి మేళం కోటు వేసుకుని కనిపించాడట. ఈ కథ మాకు చాలాసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ చివర్లో, "అంచేత నేనెవర్నీ నమ్మనమ్మా. మిమ్మల్ని కూడా నమ్మను," అని నవ్వేవారు. నవ్వుతూ అన్నా అది నిజమే.

ఆయన కువైట్ వచ్చింది సిటీలో ఒక తివాచీల దుకాణంలో సేల్స్‌మన్‌గా. సాయంత్రాలు పిల్లలకి డ్రమ్స్ నేర్పేవారు. మా స్కూల్లో నాగేశ్వర అనే బ్యాండు మాస్టారిని తీసేశాక, 2006లో ఆ పని ఈయనకి వచ్చింది. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం మాత్రం దుకాణం మీదే ఉంది. జనవరి ఆఖరుకి దుకాణం మూసేస్తున్నానని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెప్పేశాడు. వేరేచోట చేరడానికి రిలీజ్ ఇస్తాడు, కానీ ఆలోగా ఇంకెవరైనా వీసా తమ పేరు మీదకి తీసుకోవాలి. లేకపోతే ఖలాస్, ఈయన రాజోలు వెళ్ళాలి, సూరాయమ్మ ఒక్కతే ఇక్కడ మిగలాలి. మా వైస్ ప్రిన్సిపాల్ విజయదుర్గ మేడమ్ ఒక మాట ఇచ్చారు: జనవరిలో స్కూలు క్రీడోత్సవం రోజున చైర్మన్ గారికి బ్యాండు నచ్చితే స్కూలే వీసా తీసుకుంటుంది.

చైర్మన్ గారికి నచ్చాల్సింది బేస్ డ్రమ్ముల వరస. ఆయన ఎక్కడో అమెరికన్ హైస్కూలు బ్యాండు చూసి, అలాంటివే ఐదు డ్రమ్ములు తెప్పించారు. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఐదుగురం ఛాతీకి తగిలించుకుని ఒకే వరసలో నడవాలి. మామూలు బ్యాండులో పెద్ద డ్రమ్ము ఒకటే ఉంటుంది, అంతా ఒకడే వాయిస్తాడు. ఇక్కడ ఒక్క వాయింపునే ఐదుగురు పంచుకోవాలి. మనిషికి ఒక్క దెబ్బ. రెప్ప వేసేలోగా ఐదు దెబ్బలూ ఒకదాని వెంట ఒకటి, పల్చటి శబ్దం నుంచి లోతైన శబ్దానికి దిగిపోవాలి. సారు దానికి 'మెట్లు' అని పేరు పెట్టారు. ఒక్క మెట్టు ఆలస్యమైనా మనిషి కుంటినట్టు వినబడుతుంది. నోరు విప్పని పిల్లనని నన్ను నాలుగో డ్రమ్ముకి తీసుకున్నారు.

మొదట్లో సారుకీ ఈ విద్య కొత్తే. డ్రమ్ములతో పాటు వచ్చిన వీసీడీ పెట్టి, దాన్ని చూసి నేర్చుకోమన్నారు. అందులో పిల్లలు తలలు వంచి కాళ్ళు చూసుకుంటూ వాయించేవాళ్ళు. మేమూ అలాగే నేర్చుకున్నాం. నవంబరులో మా మూడో డ్రమ్ము అబ్బాయి కుటుంబం ఇండియా వెళ్ళిపోయింది. అతని చోట చాందిని వచ్చింది. వాళ్ళది హైదరాబాదు, నాన్న రవీంద్ర ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. అప్పటికి వీసీడీ గీతలు పడి ఆడటం మానేసింది. అందుకని సారే ఆమె పక్కన నిలబడి నేర్పారు.

డిసెంబరు వచ్చేసరికి మెట్లు కుంటడం మొదలైంది. మూడో దెబ్బ వెనకబడుతోంది. సారు కళ్ళు మూసుకుని వినేవారు. మళ్ళీ వాయించమనేవారు. మళ్ళీ అంతే.

"తప్పు వాయించేవోడు ఒక్కోసారి ఒక్కోలా తప్పుతాడు," అన్నారు ఒకరోజు, ఎవరితోనో కాదు, గోడతో అన్నట్టు. "ఇది ప్రతిసారీ ఒకే కొలత వెనక్కి పోతంది. అంటే తప్పు కాదు, కావాలని."

"నేనేం చేసిన సార్?" అంది చాందిని.

"నిన్నన్నానా? మరెందుకు ఉలిక్కిపడ్డావ్?"

అప్పట్నుంచి ఆమె డ్రమ్ము కర్రలు కూడా తిప్పి తిప్పి చూసేవారు. ప్రాక్టీసు అయ్యాక ఆమె ఏ బస్సెక్కుతుందో గేటు దగ్గర నిలబడి చూసేవారు. ఒక సాయంత్రం వాళ్ళ బిల్డింగు కింద పాత మాస్టారు నాగేశ్వర కారు కనబడిందట. చాందిని తమ్ముడికి ఆయన ఇంటికొచ్చి కీబోర్డు నేర్పుతారని మాకందరికీ తెలుసు. సారుకి అది తెలియదు, తెలిసినా ఆ కారణం ఆయనకి సరిపోయేది కాదు. బాబాయి కోటు ఆయన కళ్ళముందు ఆడి ఉంటుంది.

మర్నాడే విజయదుర్గ మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల నాగేశ్వర మాట విని కావాలని బ్యాండు పాడుచేస్తోందని చెప్పారు. మేడమ్ చాందినిని పిలిచి అడిగారు. చాందిని ఏడ్చింది కానీ ఏమీ చెప్పలేదు. వాళ్ళ నాన్నని కూడా పిలిపించారు. ఆమెని వరసలోంచి తీసి వెనక తాళాలు వాయించేవాళ్ళ దగ్గర నిలబెట్టారు. మూడో డ్రమ్ము నా క్లాసు పద్మశ్రీకి ఇచ్చారు.

పద్మశ్రీకి కూడా సారే నేర్పారు, ఇంకా దగ్గరగా నిలబడి, ఇంకా శ్రద్ధగా. అది బాగా వాయించింది. మెట్లు మాత్రం అదే చోట, అంతే కొలతలో కుంటాయి.

 సారు పద్మశ్రీని అడిగారు: "మీరుండేదెక్కడమ్మా?"

"ఫర్వానియా సార్."

"నాగేశ్వర గారు మీ ఇంటికి కూడా వత్తారా?"

"మా ఇంట్లో ఎవరికీ సంగీతం లేదు సార్. మా అమ్మకి మిక్సీ శబ్దమే పడదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు నవ్వలేదు. మా ఐదుగురినీ ఒక్కొక్కరిగా చూస్తున్నారు. ఈసారి ఆ చూపులో కోపం కన్నా భయమే ఎక్కువగా కనబడింది. క్రీడోత్సవం దగ్గరపడింది. ఆయన నెమ్మదిగా వెనక్కి, తాళాల వరస దగ్గరికి నడిచారు. చాందిని తల దించుకునే ఉంది.

"నిజం సెప్పమ్మా. మూడో దెబ్బ ఎప్పుడు కొట్టేదానివి నువ్వు?"

"రెండోది విన్నంక సార్."

"విన్నాకా?"

"మీరే చెప్పిన్రు కద సార్. పక్కోళ్ళని వినాలె, విన్నంకనే కొట్టాలె అని. నేను గట్లనే కొట్టిన." తాళాలు కింద పెట్టి, "పద్మశ్రీకి కూడా గదే చెప్పిన్రు. నేను విన్న," అంది.

 సారు మా వైపు తిరిగి, నన్నడిగారు: "నువ్వెప్పుడు కొడతావు?"

"కాలు చూసుకుని సార్," అన్నాను. "వీసీడీలో అలాగే ఉంది."

సారు వాళ్ళ నాన్న మేళంలో ఒకటే డోలు. మిగతావాళ్ళంతా దాన్ని విని వెంటపడేవాళ్ళు. అక్కడ అందరూ కలిసే ఆలస్యమవుతారు కనుక ఎవరూ ఆలస్యం కాదు. ఇక్కడ పక్క దెబ్బ చెవిన పడేసరికే మన దెబ్బ దాటిపోతుంది, అందుకే అందరూ కలిసి వేసే అడుగునే లెక్కగా పట్టుకోవాలి. ఇది ఆయనే తర్వాత మా నాన్నకి వివరించారు. ఆ రోజు మైదానంలో మాత్రం పక్కనున్న డ్రమ్ము మీద వేలితో చిన్నగా కొట్టుకుంటూ ఊరికే నిలబడ్డారు. చాందినిని వరసలోకి రమ్మని పిలవలేదు. పిలవాలంటే ముందు మేడమ్‌కి చెప్పాలి. చెప్తే, ఈయనకి రాదు అని తేలిపోతుంది. వీసా కాగితం ఇంకా ఆవిడ బల్ల మీదే ఉంది.

ఆ శుక్రవారం ఇంకో సంగతి జరిగింది. చాందిని నాన్న రవీంద్ర గారు స్వీట్ల డబ్బా పట్టుకుని సారు ఉండే గదికి వెళ్ళారు. "మా పిల్ల అట్లాంటిది కాదు సార్, జర మల్లొకసారి చూడండ్రి," అని బతిమాలి వచ్చారు. అదే బిల్డింగులో మా స్కూలు టీచర్లు ఇద్దరుండేవాళ్ళు.

ఆదివారం, అక్కడ అది బడి రోజే, ప్రాక్టీసు మధ్యలో సారు మేడమ్ గదికి వెళ్ళారు. డ్రమ్ము పట్టీ తెగిందని చెప్పడానికి నేనూ వెనకే వెళ్ళి తలుపు దగ్గర ఆగిపోయాను.

"చాందినిని మళ్ళీ తీసుకుందామండి," అంటున్నారు సారు.

మేడమ్ పెన్ను కింద పెట్టారు. "పోయిన వారం ద్రోహి అన్నారు. ఈ వారం కావాలంటున్నారు. మధ్యలో ఏం జరిగింది మాస్టారూ?"

"ఏం జరగలేదండి."

"రవీంద్ర గారు మీ ఇంటికి వచ్చారటగా. స్వీట్లు తెచ్చారట. డబ్బాలో స్వీట్లేనా?"

సారు మొహం ఎర్రబడింది. ఎవర్నీ నమ్మని మనిషిని ఇంకొకరు నమ్మకపోతే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆయన బల్ల మీదున్న కాగితాలకేసి చూశారు. కిటికీలోంచి మైదానం వైపు చూశారు.

"ఆ పిల్ల తప్పేం లేదండి," అన్నారు చివరికి. "నేనే తప్పు నేర్పాను. విని కొట్టమన్నాను. అది నా మాటే విన్నది. వినకుండా కాళ్ళు చూసుకున్నోళ్ళు సరిగ్గా కొట్టారు."

"అంటే మీకు ఈ బేస్ డ్రమ్ములు రావన్నమాట."

"అప్పుడు రాలేదండి. మొన్నొచ్చింది."

మేడమ్ నమ్మినట్టు కనబడలేదు. డబ్బు తీసుకున్నవాడు ఇంత తెలివితక్కువ సాకు చెప్పడని అనుకున్నారో ఏమో, చాలాసేపు ఆయన మొహం చూసి, "క్రీడోత్సవం కానివ్వండి, చూద్దాం," అన్నారు.

చాందిని వరసలోకి వచ్చింది. సారుకేసి చూడలేదు. కాళ్ళు చూసుకుంది. క్రీడోత్సవం నాడు చైర్మన్ గారి ముందు మెట్లు కుంటకుండా దిగాయి. చైర్మన్ గారు పక్కాయనకి ఏదో చెబుతూ చేత్తో గాల్లో మెట్లు చూపించారు.

దుకాణం మూతపడే ముందే వీసా మారింది. రిలీజ్ కాగితం మీద కఫీల్ సంతకం చేసి, "యల్లా, మ్యూజిక్," అని, ఇక పద అన్నట్టు భుజం తట్టాడట. కానీ మేడమ్ ఒక షరతు పెట్టారు. ప్రాక్టీసు జరిగినన్నాళ్ళూ పీటీ మాస్టారు ఫణి గారు అక్కడ ఉండాలి. ఎందుకో ఎవరూ చెప్పలేదు, స్వీట్ల డబ్బా సంగతి అందరికీ తెలుసు. చాందిని ఆ సంవత్సరం ఆఖరికి బ్యాండు మానేసింది.

సూర్యకిరణ్ సారు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మా స్కూల్లోనే పనిచేశారు. కొత్త పిల్లలు వస్తే ముందు కాళ్ళు చూసుకోమని చెప్పేవారు. ఫణి గారు రోజూ ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని నీడని బట్టి అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చునేవారు, సెల్‌ఫోనులో ఆట ఆడుకుంటూ. ఆయన నిజంగా గమనించింది ఏదీ లేదని మా నమ్మకం. సారు మాత్రం ఆ కుర్చీ ఎటు జరిగితే అటే తిరిగి నిలబడేవారు. ఒక్కసారి కూడా దానికి వీపు చూపించగా నేను చూడలేదు.