చప్పుడు లేని సినిమా

మొన్న బోధన్‌ల సినిమా చూసొచ్చినప్పటి సంది, ఊళ్లె నన్ను చూస్తే చాలు, నోటి మీద వేలు పెట్టి "ష్!" అంటున్నరు. ఎందుకో నేనే చెప్త. వేరేటోళ్లు చెప్తే ఉప్పుకారం ఎక్కువేస్తరు.

చక్కెర ఫ్యాక్టరీకి కొత్తగ ఒక ఇంజినీరు వచ్చిండు. ఎవ్వరు చూడని సినిమాలంటే ఆయనకు పానం. హైదరాబాద్ నుంచి మరాఠీ సినిమా డబ్బా ఒకటి తెప్పించి, పగటి ఆట ఫ్రీ అన్నడు.

"మాకు మరాఠీ సరిగ రాదు గద సారూ?"

"ఫికర్ చెయ్యకుండ్రి. అండ్ల ఎవ్వరు మాట్లాడరు."

ఫ్రీ అన్నంక మా ఊరి విమలక్క ఆగుతదా? బండి కట్టించింది. హాల్‌ల మా ముందు వరుసల ఆమె కూసున్నది. ఆమె పెనిమిటి రాజన్న మొగోళ్ల దిక్కు. ఎనుక నేను, పక్కింటి లచ్చవ్వ.

తెర మీద ఒకామె పిండి పిసుకుతది. రొట్టె కొడ్తది. తొవ్వ దిక్కు చూస్తది. పాట లేదు, ఫైటింగ్ లేదు! నాకేమో సినిమాల ముచ్చట పెట్టే అలవాటు. డప్పుల మోతల గూడ వినబడాలె గద, గొంతు గట్లనే తయారైంది. గదే గొంతుతోని లచ్చవ్వ చెవుల చెప్పిన:

"మన విమలక్క రొట్టె చెప్పుతోలు లెక్క ఉంటది. గందుకే రాజన్న అంగడినాడు హోటల్‌ల మిర్చీలు మింగి, ఇంటికొచ్చి ఆకలి లేదంటడు!"

హాలంత విన్నది. మొగోళ్ల దిక్కు రాజన్న ఉత్తగనే దగ్గిండు. విమలక్క ఎనుకకు తిరగలేదు. "గట్లనా?" అన్నది, అంతే. ఇంటికి పోవాల్సింది ఆమె బండిలనే!

ఇగ నోరు మూసుకొని తెర చూసుడే అయింది. చూడంగ చూడంగ పొయ్యి చిటపటలు, గాలికి తలుపు కిర్రుమనుడు, అన్నీ వినబడ్డయి. ఆఖరుకు తెర మీదామె మొగడొచ్చిండు. మూతబెట్టిన రొట్టె తిన్నడు. ఆమె పక్కన కూసున్నది. అయిపోయింది! ఎందుకో నాకు కడుపు నిండినట్టయింది. లచ్చవ్వకు నిద్ర నిండింది.

బండి కాడ రాజన్న తల వంచుకొని నిలబడ్డడు. విమలక్క సద్దిమూట విప్పి ఆయనకొక రొట్టె, నాకొక రొట్టె ఇచ్చింది.

"ఎక్కు చెల్లె. తినుకుంట చెప్పు, ఎట్లున్నదో."

రాజన్న కిక్కురుమనకుంట తిన్నడు. ఆమె ఆయన పక్కనే కూసున్నది, అచ్చం సినిమాల లెక్క. రెండు దిక్కుల చెరుకు తోటలు, ఎడ్ల గజ్జెలు, ఎవ్వరు మాట్లాడలేదు. నేను ఊరొచ్చేదాక నములుతనే ఉన్న, జవాబు చెప్పేటందుకు నోరు ఖాళీ లేకపాయె.

ఇంజినీరు గసుంటిదే ఇంకొకటి తెప్పిస్తున్నడట. నేను పోత, నాకు మంచిగనిపించింది. కని "ఆ సినిమాల మాటలే లేవట గద?" అని ఎవరన్న అడిగితే, లచ్చవ్వ నన్ను చూపెట్టి చెప్తున్నది:

"ఎందుకు లేవు? ఒక్కటున్నది. అది గూడ తెలుగుల. గీమెదే!"