సైకిలు తొక్కినవాడి నాడి

ఎన్నేళ్లుగా అడుగుతున్నా నా ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో, గాజువాక దగ్గర ఒక కంపెనీ ఆటగాళ్లకు ఒక ఉద్యోగం ఇస్తామంది. చివరికి ఇద్దరం మిగిలాం. ఎక్కువ కష్టపడ్డవాడికే ఉద్యోగమన్నారు. నేను సైకిలు తొక్కాను, రెండో అతను పరుగెత్తాడు. ఆఫీసరు ఇద్దరి నాడీ పట్టి చూశాడు. పరుగెత్తినవాడి గుండె ఎక్కువ వేగంగా కొట్టుకుంటోంది కనుక ప్రాణం పెట్టింది అతనేనని, నేను ఒళ్లు దాచుకున్నానని తేల్చి, ఉద్యోగం అతనికిచ్చాడు. సైకిలు దిగి నిలబడలేక నేల మీద కూలబడ్డవాణ్ణి నేను!

తిరుగు బస్సులో అతనే పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. పేరు అడగలేదు. సముద్రం ఒడ్డు మనిషి, ఇసుకలో పరుగెత్తి గట్టిపడ్డ పిక్కలు. వాటిని చూస్తేనే నాకు కడుపు మండింది.

“ఏటి బావ, కోపమా?”

“నాను ఒళ్లు దాసుకున్నానా? నువ్వే సెప్పు.”

“లేదు బావ. నన్ను సైకిలెక్కించినా నా గుండె అంత జోరుగా కొట్టుకోదు. సీటు మీద కూకుంటాం కదా, తొడలే ముందు సచ్చిపోతాయి.”

“మరి సారుకి సెప్పలేదేటి?”

“సెప్తే ఉద్యోగం నీకిచ్చేత్తాడు!” అని నవ్వి, తన పల్లీల పొట్లం నా చేతిలో పెట్టాడు.

పల్లీలు తిన్నాను. అతని మీద అసూయ మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆఫీసరు గారూ, పరుగెత్తేవాడి గుండెకూ సైకిలు తొక్కేవాడి గుండెకూ ఒకే కొలత ఎలా పెట్టారు? అతనంటే ఉద్యోగం కోసం నోరు మూసుకున్నాడు. మీరు కళ్లెందుకు మూసుకున్నారు? చెప్పండి.