గోల్ఫ్ సంచిలో పసుపు మరక

మా ఇంటి ఓనరమ్మ, ప్రొఫెసర్ గారి భార్య, తొంభై ఏళ్లు నిండాక, పోయిన నెలలో కాలం చేసింది. మొన్నమొన్నటి దాకా గోల్ఫ్ ఆడింది, దవాఖానలో రోగులకు ఊరికే సాయం చేసింది. ఇవాళ ఆమె గోల్ఫ్ సంచి దులుపుతుంటే లోపల పసుపు మరక కనిపించింది.

అది నా చిన్నప్పటి తెలంగాణ ఉద్యమం నాటిది. మావాళ్లు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆమె, ఆ సంచి భుజానేసుకుని వస్తుంటే అమ్మ కొంగు చాటున దాక్కున్న.

"అమ్మా, ఆంధ్ర ఆంటీ కట్టెలు తెస్తున్నది! మనల్ని కొడ్తది!"

ఆమె సంచిలోంచి పొడుగు గరిటెలు తీసింది. పులిహోర కలిపి అందరికీ వడ్డించి, పసుపంటిన గరిటెలు మళ్లీ సంచిలోనే వేసుకుంది.

"తెలంగాణ వస్తే నువ్వు పోతవా ఆంటీ?" అని అడిగిన.

"ఎక్కడికే? పొద్దున్నే నాకు ఆటుంది."

తెలంగాణ వచ్చింది. తెల్లారి లేస్తూనే కిటికీ దగ్గరికి ఉరికిన. ఆమె సంచి భుజానేసుకుని గేటు తీస్తోంది.